అమ్మ ఎందుకు దక్కలేదు?
(‘ఒకే ఒక జీవితం’ సినిమాను అర్థం చేసుకుందాం)



వేసవి సెలవుల తరువాత మొదటి తెలుగు తరగతిలో, సెలవుల్లో చూసిన సినిమా గురించి ఐదు వాక్యాలు రాయమన్నాను. ఎనిమిదో తరగతి అబ్బాయి ఒకడు ‘ఒకే ఒక జీవితం’ గురించి నాలుగు వాక్యాలు రాశాడు. ఐదో వాక్యం ఉండాల్సిన చోట ఒక ప్రశ్న ఉంది: “మేడమ్, కాలంలో వెనక్కి వెళ్లినా అమ్మను కాపాడుకోలేకపోతే, అసలు వెళ్లడం ఎందుకు?”

వాడు ఆ ఏడాదే జంషెడ్‌పూర్ వచ్చాడు. వాడికిది నాలుగో ఊరు. ఆ రోజు గంట కొట్టేశారు, నేనూ సరైన జవాబు చెప్పలేకపోయాను. ఆ జవాబే ఈ వ్యాసం.

కథ ఏమిటి?

శ్రీ కార్తీక్ దర్శకత్వం వహించిన ఈ సినిమా 2022 సెప్టెంబరు 9న విడుదలయింది. తమిళంలో దీని పేరు ‘కణం’. ఆది (శర్వానంద్) బాగా పాడగలడు, కానీ వేదిక ఎక్కితే గొంతు పెగలదు. చిన్నప్పుడే అమ్మ (అక్కినేని అమల) చనిపోయింది. ఒక శాస్త్రవేత్త (నాజర్) తయారుచేసిన కాలయంత్రంలో ఆది, అతని స్నేహితులు శీను, చైతు 2019 నుంచి 1998కి వెళతారు. ఆదికి అమ్మను బతికించుకోవాలని ఉంటుంది. శీనుకు చిన్నప్పటి తనను కూర్చోబెట్టి చదివించాలని, చైతుకు చిన్ననాటి పొరపాటు దిద్దుకోవాలని ఉంటుంది. ఇంతలో 1998లోని పిల్లలు అదే యంత్రం ఎక్కి 2019కి వచ్చేస్తారు! ఎంత ప్రయత్నించినా ఆది అమ్మను మృత్యువు నుంచి తప్పించలేకపోతాడు. తిరిగి వచ్చాక మాత్రం భయం వదిలి పాడతాడు.

ఇదంతా కలేనా?

చాలామంది పిల్లలు మొదట ఇదే అంటారు. ఒక చిన్న పరీక్ష పెట్టి చూద్దాం. కలలో ఏం జరిగినా, అది కలగనేవాడికి కనబడాలి. ఆది 1998లో ఉండగా, 2019లో ఆ పిల్లలు పడే తిప్పలు మనకు కనిపిస్తాయి. ఆది అక్కడ లేడు. అంటే దర్శకుడు మనకు కల చూపించడం లేదు, రెండు కాలాలను చూపిస్తున్నాడు.

అయితే కలకూ నిజానికీ మధ్య గీత ఎప్పుడూ ఇంత స్పష్టంగా ఉండదు. యోగవాసిష్ఠంలో లవణ మహారాజు కథ ఉంది. ఒక ఇంద్రజాలికుడు సభలో నెమలి ఈకల కుంచె ఊపుతాడు. రాజు కొద్దిసేపు కదలకుండా ఉండిపోతాడు. ఆ కాసేపట్లోనే ఏదో అడవిపల్లెలో పెళ్లాడి, బిడ్డల్ని కని, కరువులో అల్లాడి, ముసలివాడైనట్టు అనుభవిస్తాడు. తెలివి వచ్చాక ఆ పల్లెను వెతుక్కుంటూ వెళితే, పల్లె నిజంగానే ఉంటుంది! అది కలా, నిజమా అని నేటికీ చర్చిస్తూనే ఉన్నారు.

ముందుకా, వెనక్కా?

భాగవతం నవమ స్కంధంలో కకుద్మి అనే రాజు, కూతురు రేవతికి తగిన వరుడెవరో అడగడానికి బ్రహ్మలోకం వెళతాడు. అక్కడ పాట పూర్తయ్యేదాకా కాసేపు ఆగుతాడు. ఈలోగా భూమి మీద 27 మహాయుగాలు గడిచిపోతాయి. తిరిగి వచ్చి రేవతిని బలరాముడికిచ్చి పెళ్లి చేస్తాడు. గమనించారా? ఆయన వచ్చింది ముందు కాలానికే. వెనక్కి కాదు.

సైన్సు కూడా ముందుకు వెళ్లడాన్ని ఒప్పుకుంటుంది. వేగంగా కదిలే గడియారం నెమ్మదిగా నడుస్తుందని ఐన్‌స్టీన్ 1905లో చెప్పాడు. 1971లో అణు గడియారాలను విమానాల్లో భూమి చుట్టూ తిప్పి చూస్తే తేడా నిజంగానే కనబడింది. అది సెకనులో వంద కోట్లవ వంతులతో లెక్కపెట్టాల్సినంత చిన్నది. వెనక్కి వెళ్లడం మాత్రం ఇంతవరకు ఎవరివల్లా కాలేదు. సినిమాల్లోనే కుదిరింది. 1991లో సింగీతం శ్రీనివాసరావు గారి ‘ఆదిత్య 369’ మనల్ని 1526లోని విజయనగరానికీ, 2504వ సంవత్సరానికీ తీసుకెళ్లింది.

అమ్మను కాపాడి ఉంటే?

ఇప్పుడు అసలు చిక్కుముడి. ఆది అమ్మను కాపాడాడనుకోండి. అప్పుడు చిన్న ఆది అమ్మ దగ్గరే పెరుగుతాడు. పెద్దయ్యాక కాలయంత్రం ఎక్కాల్సిన అవసరమే ఉండదు. ఎక్కకపోతే 1998కి రాడు. రాకపోతే అమ్మను కాపాడేదెవరు? ప్రయాణానికి కారణం అమ్మ లేకపోవడమే. ఆ కారణాన్ని తీసేస్తే ప్రయాణమే ఉండదు. సినిమాలో ‘విధి’ అన్న మాటను చాలామంది తలరాతగా తీసుకుంటారు. నాకు మాత్రం అది ఈ ముడికి పెట్టిన పేరులా కనిపిస్తుంది.

మరి వెళ్లడం ఎందుకు?

అర్థం కాని సినిమా చూసినప్పుడు “ఏం జరిగింది?” అని ఒక్కటే అడిగి వదిలేయకండి. “ఎవరు మారారు?” అని కూడా అడగండి. 1998లో జరగాల్సింది జరిగిపోయింది. మారింది ఆది. పోయిందనుకున్న అమ్మతో మళ్లీ కొంతకాలం గడిపాడు. ఆ తరువాత పాడగలిగాడు. అతను పాడాలన్నది అమ్మ కోరిక. అది నెరవేరిన రోజు చూడటానికి ఆమె లేదు.

మనముంటున్న ఈ ఊరి కథా కొంచెం అలాంటిదే. ఇక్కడి ఉక్కు జంషెట్జీ టాటా కన్న కల. ఆయన 1904లో కన్నుమూశారు. ఇక్కడ మొదటి ఉక్కు తయారయింది 1912లో. 1919లో ఊరికి ఆయన పేరు పెట్టారు. ఆయన మాత్రం ఈ ఊరిని చూడలేదు.

నాకిది ఐదో బదిలీ. ఒకసారి పనిమీద పాత ఊరికి వెళ్లి, మేమున్న క్వార్టరు చూడబోయాను. వరండాలో ఎవరివో బట్టలు ఆరేసి ఉన్నాయి. ఏటా పుట్టినరోజున మా పాప ఎత్తు కొలిచి గోడ మీద గీసిన గీతలకు సున్నం వేసేశారు. కాసేపు బాధపడ్డాను. గీతలు పోయాయి గానీ పాప పొట్టిదైపోలేదు కదా అనుకుంటూ రైలెక్కాను.

ప్రశ్న అడిగిన అబ్బాయి నాన్నగారికి ఈ మార్చిలో మళ్లీ బదిలీ అయింది. టాటానగర్‌లో రైలెక్కి వాడు ఐదో ఊరికి వెళ్లిపోయాడు. ఈ సంచిక వాడికి అందుతుందో లేదో తెలియదు. అందితే, నాన్నా, నీ జవాబు ఆలస్యమైంది. ఏమీ అనుకోకు.

మిగతావాళ్లంతా ఈ సినిమా చూసి, వాడు రాయకుండా వదిలేసిన ఐదో వాక్యం రాసి తీసుకురండి. నా జవాబుతో మీరు ఏకీభవించకపోయినా ఫరవాలేదు. ఎందుకో రాస్తే చాలు.