జురాంగ్ ఐలాండ్ నుంచి కృష్ణపట్నం దాకా.. వాటాదారు ఓటు విలువెంత?

సింగపూర్: పాస్ లేనివారిని లోపలికి అనుమతించని దీవి జురాంగ్ ఐలాండ్. ఏడు చిన్న దీవుల మధ్య సముద్రాన్ని పూడ్చి నిర్మించిన ఈ పెట్రోకెమికల్ కేంద్రంలో తెలుగు ఇంజినీర్లూ పనిచేస్తున్నారు. ఇక్కడి ఫ్యాక్టరీలకు కరెంటు, ఆవిరి, నీరు అందించే సంస్థల్లో సెంబ్‌కార్ప్ ఒకటి. మన నెల్లూరు జిల్లా కృష్ణపట్నం దగ్గర సుమారు 2,640 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రాలు కూడా ఒకప్పుడు ఈ సంస్థవే. వాటిని అమ్మాలా, వద్దా? 2022లో ఈ ప్రశ్న సింగపూర్‌లోని వాటాదారుల ముందుకు వచ్చింది.

డైరెక్టర్లే ఎందుకు తేల్చలేదు?

సింగపూర్ ఎక్స్ఛేంజ్ నిబంధనల ప్రకారం అమ్మే ఆస్తి కంపెనీ పరిమాణంలో 20 శాతం దాటితే, సాధారణంగా వాటాదారుల ఆమోదం తప్పనిసరి. పోలైన ఓట్లలో సగానికి మించి అనుకూలంగా రావాలి. ఇక్కడ లెక్క తలలది కాదు, షేర్లది. సెంబ్‌కార్ప్‌లో దాదాపు సగం వాటా ప్రభుత్వ పెట్టుబడి సంస్థ టెమాసెక్‌దే. వెయ్యి షేర్లున్న కుటుంబానికి వెయ్యి ఓట్లే.

అయినా ఆలోచించాల్సింది చాలానే ఉంది. కొనేది ఒమన్ మదుపరులకు చెందిన తన్వీర్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్. ధర సుమారు 11,700 కోట్ల రూపాయలు, అంటే దాదాపు 210 కోట్ల సింగపూర్ డాలర్లు. కానీ ఆ డబ్బు వెంటనే చేతికి రాదు. 15 ఏళ్లలో వడ్డీతో సహా తీర్చేలా, అవసరమైతే 24 ఏళ్ల వరకు పొడిగించేలా ఒప్పందం. కొనుగోలుదారు కర్బన ఉద్గారాలు తగ్గిస్తే వడ్డీలో రాయితీ కూడా ఉంది. ఒక్క మాటలో చెప్పాలంటే, పొలం అమ్మి, కొన్నవాడికే అప్పు ఇచ్చినట్టు!

లాభం ఏమిటి? ఒక యూనిట్ విద్యుత్తుకు సెంబ్‌కార్ప్ లెక్కలోకి వచ్చే కర్బన ఉద్గారాలు ఒక్కసారిగా తగ్గుతాయి. మెగావాట్ అవర్‌కు 0.51 టన్నుల నుంచి 0.32 టన్నులకు దిగుతాయని కంపెనీ చెప్పింది. మరోవైపు విమర్శ కూడా వచ్చింది: కృష్ణపట్నం పొగగొట్టాలు ఆగలేదు, యజమాని మాత్రమే మారాడు కదా అని. రెండు వాదాలూ నిజమే. 2022 నవంబరు 8న జరిగిన ప్రత్యేక సమావేశంలో వాటాదారులు అమ్మకానికే ఓటేశారు. 2023 జనవరిలో లావాదేవీ ముగిసింది.

ఓటు లేని నిర్ణయం

అన్ని ఒప్పందాలూ ఇలా ఓటింగ్‌కు రావు. జురాంగ్ ఐలాండ్‌లోని రిఫైనరీలో సగం వాటా ఉన్న సింగపూర్ పెట్రోలియం కంపెనీ విషయమే చూద్దాం. 2009లో పెట్రోచైనా దీనిలో కెప్పెల్ సంస్థకున్న 45.51 శాతం వాటాను షేరుకు 6.25 డాలర్ల చొప్పున కొంది. వాటా 30 శాతం దాటితే మిగతా వాటాదారులకూ ఆఫర్ ఇవ్వాలన్నది సింగపూర్ నియమం. చిన్న వాటాదారులకూ అదే ధర వచ్చింది. ఇక్కడ సమావేశం లేదు. అమ్మాలో, ఉంచుకోవాలో ఎవరికి వారే నిర్ణయించుకోవాలి. ఆఫర్ కిందికి వచ్చే షేర్లలో 90 శాతం కొనుగోలుదారుకు వస్తే, మిగిలినవారివి తప్పనిసరిగా కొనే హక్కు కొనుగోలుదారుకు వస్తుంది. ‘నేను ఉంచుకుంటా’ అన్నమాట అక్కడ చెల్లదు.

మూడో దారి కోర్టు ఆమోదంతో జరిగే ‘స్కీమ్’. దీనికి ఓటేసినవారి షేర్ల విలువలో 75 శాతం, తలల లెక్కలోనూ సగానికి మించి మద్దతు కావాలి. చిన్న వాటాదారుల మాటకు ఎక్కువ బరువు ఉండేది ఇక్కడే.

సర్క్యులర్ వస్తే..

ధర చూసి మూసేయకండి. డబ్బు నగదుగా వస్తుందా, బాకీగానా? అమ్మాక కంపెనీలో మిగిలేదేమిటి? స్వతంత్ర ఆర్థిక సలహాదారు నివేదిక ఉంటే, ధర ‘న్యాయమైనది’ అన్నారా, లేదా అన్నది వెతకండి. ప్రతినిధి ద్వారా ఓటేయాలంటే ఫారం గడువు సమావేశానికి ముందే ముగుస్తుంది. సీపీఎఫ్ డబ్బుతో షేర్లు కొన్నవారు ఇంకా ముందే బ్యాంకుకు చెప్పాలి.

ఫలితాన్ని మన వెయ్యి షేర్లు మార్చకపోవచ్చు. కానీ మన డబ్బు ఎవరి చేతిలోకి, ఏ షరతులతో వెళుతోందో తెలుసుకుని వేసిన ఓటు మనదే.