మరపు అవిశ్వాసం కాదు

రొమ్ము క్యాన్సరుకు చికిత్స ముగిసింది. జుట్టు తిరిగి వచ్చింది. సంఘంలో సాక్ష్యం కూడా చెప్పింది. అదే సహోదరి కొన్నాళ్లకు పాట మధ్యలో చరణం మరచిపోతుంది. పొయ్యి మీద పాలు పెట్టిన సంగతి గుర్తుండదు. తెలిసిన మనిషి పేరే నోటికి రాదు. "ప్రార్థన తగ్గింది, అందుకే మనసు నిలవడం లేదు" అని ఎవరో అంటారు. ఆమె నమ్మేస్తుంది. ప్రియులారా, ఆ మాట ఎంత తప్పో మనం తెలుసుకోవాలి.

దీనిని 'కీమో బ్రెయిన్' అంటారు. నెదర్లాండ్స్ పరిశోధకులు 2012లో, సగటున 21 ఏళ్ల క్రితం కీమోథెరపీ తీసుకున్న 196 మంది స్త్రీలను, క్యాన్సరు రాని 1,509 మందితో పోల్చి చూశారు. మాటలు గుర్తుంచుకోవడంలో, ఆలోచన వేగంలో చికిత్స పొందినవారు కొంత వెనుకబడ్డారు. తేడా చిన్నదే, కానీ నిజమైనది. వారు తీసుకున్నవి పాతకాలపు మందులు. చాలామందికి ఈ మరపు నెలల్లో తగ్గుతుంది, కొందరికి ఏళ్ల తరబడి ఉంటుంది.

కారణం ఒక్కటే కాదు. మందుల ప్రభావం, ఒంట్లో పెరిగే వాపు, ఈస్ట్రోజెన్ హార్మోను పడిపోవడం, రక్తహీనత, నిద్రలేమి, దిగులు, అన్నీ కలిసి మెదడును అలసిపోయేలా చేస్తాయి. ఇది మతిమరుపు జబ్బు కాదు, పిచ్చి అంతకంటే కాదు.

పాలంపేటలాంటి ఊళ్లో ఈ కష్టం ఇంకా బరువు. రామప్ప చెరువు కింద నాట్లు వేసే స్త్రీకి నోటుపుస్తకం ఉండదు. కూలి రోజుల లెక్క, గ్రూపు కిస్తీ, నేర్చుకున్న వాక్యాలు, అన్నీ ఆమె తలలోనే ఉంటాయి. ఆ తలే మొరాయిస్తే ఆమె బతుకు లెక్కే తప్పుతుంది. పెద్ద క్యాన్సరు ఆసుపత్రి ఉన్న హైదరాబాదు 200 కిలోమీటర్ల పైమాటే. అక్కడికి వెళ్లినా గడ్డ గురించి అడుగుతారు గానీ, మరపు గురించి ఆమె నోరు విప్పదు.

అందుకే మనమే అడగాలి. తర్వాతిసారి డాక్టరుకు చెప్పమనండి. రక్తం, థైరాయిడ్, బి12 పరీక్షలు చేస్తే సరిచేయగల కారణాలు బయటపడవచ్చు. రోజూ నడక, సమయానికి నిద్ర, ఒకసారికి ఒకే పని మేలు చేస్తాయి. చదువు రాకపోతే ఫోనులో అలారం పెట్టివ్వండి, మాత్రలకు ఒకే చోటు చూపించండి. మరపుకు భయపడి మందులు మాత్రం సొంతంగా మాననివ్వకండి. మూర్ఛ, తీవ్రమైన తలనొప్పి, కాలుచేయి పడిపోవడం కనబడితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మార్కు సువార్తలో పక్షవాయువు గలవానిని నలుగురు మోసుకొచ్చారు. అతడు నడవలేడని వారు నిందించలేదు, ఇంటికప్పు విప్పి ప్రభువు ముందు దించారు. మన సహోదరి చరణం మరచిపోయినప్పుడు మనం చేయవలసిందీ అదే. పక్కన కూర్చున్నవారు ఆ చరణాన్ని అందుకోవాలి. ఆమె రక్షణ ఆమె జ్ఞాపకశక్తి మీద ఆధారపడి లేదు, ఆమెను జ్ఞాపకముంచుకున్న దేవుని మీద ఆధారపడి ఉంది.