ప్రాజెక్టు టాపిక్ – ఒక బకెట్టు నీళ్ళు

ఎమ్మెస్సీ రెండో సంవత్సరంలో అడుగు పెట్టిన విద్యార్థిని ఎవరు పలకరించినా మొట్టమొదట అడిగే ప్రశ్న ఒక్కటే – "టాపిక్ ఏమిటోయ్?" నోరు తిరగని పేరొకటి చెబితే గాని పరువు దక్కదని మనలో చాలామందికి గట్టి నమ్మకం. 2011లో రసాయన శాస్త్ర విభాగంలో ప్రాజెక్టు మొదలుపెట్టినప్పుడు నా నమ్మకమూ అదే. నేనెంచుకున్న అంశంలో "నానో" అన్న మాట రెండుసార్లు వచ్చింది. దానికి కావలసిన పరికరం మాత్రం మా ప్రయోగశాలలో ఒక్కటీ లేదు! శాంపిల్ తయారు చేసి మరో ఊరికి పంపడం, మన వంతు ఎప్పుడొస్తుందా అని ఫోన్లు చెయ్యడం – ఏడు వారాలు ఇదే పని. ఆఖరికి మా గైడుగారు పిలిచి, "నాయనా, నీకు మిగిలింది నాలుగు నెలలు. మన బీరువాలో ఉన్నవాటితో ఏం చెయ్యగలవో ఆలోచించుకుని రా" అన్నారు.

ఆ రోజు అవమానంగా అనిపించింది గాని, టాపిక్ ఎంచుకోవడానికి అంతకంటె మంచి సలహా నాకు ఇంతవరకు దొరకలేదు. కనుక మిత్రులారా, లైబ్రరీకి పరుగెత్తే ముందు ఒకసారి స్టోర్సుకి వెళ్ళండి. ఏ పరికరం ఉంది అని కాదు, ఏది పనిచేస్తోంది అని అడగండి (ఈ రెండింటికీ చాలా తేడా ఉంటుంది). పోయినేడు దాని మీద పనిచేసిన సీనియర్ని పట్టుకుని టీ తాగించండి. రిజిస్టర్లో రాయని సంగతులన్నీ ఆయన దగ్గరే ఉంటాయి.

మా బీరువాలో ఒక స్పెక్ట్రోఫోటోమీటరు, ఒక ఫ్లోరైడ్ ఎలక్ట్రోడు ఉన్నాయి. మా మేనమామగారిది నల్లగొండ జిల్లాలో ఒక పల్లె. మన ప్రాంతంలో ఫ్లోరైడ్ కథ కొత్తది కాదు. 1937లోనే అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో ఈ వ్యాధిని వైద్యులు గుర్తించి రాశారు. నల్లగొండ గ్రానైటు రాళ్ళలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ బోరు నీళ్ళలోకి దిగుతుంది. లీటరుకి 1 మిల్లీగ్రాము దాటకుండా ఉండాలనీ, వేరే దిక్కు లేకపోతే 1.5 వరకు ఫరవాలేదనీ మన దేశపు ప్రమాణం. దాన్ని తగ్గించడానికి నాగపూర్‌లోని నీరీ సంస్థవాళ్ళు రూపొందించిన పద్ధతి పేరే "నల్లగొండ టెక్నిక్". నీళ్ళలో పటిక, కొంచెం సున్నం వేసి కలిపితే అల్యూమినియం హైడ్రాక్సైడు తెట్టులా ఏర్పడి, ఫ్లోరైడును పట్టుకుని అడుక్కి దిగుతుంది. ఒక గంట ఆగి పైతేట వంచుకోవడమే. సరే, మా మామయ్యగారి ఊరి బడి బోరు మీద ఈ పద్ధతి ఎంతవరకు పనిచేస్తుందో చూద్దామనుకున్నాను. పేరులో "నానో" లేదు. ఏం చేస్తాం!

నీళ్ళు పట్టుకోవడానికి గాజు సీసాలు సంచిలో పెట్టుకుని బయల్దేరుతుంటే ల్యాబ్ అసిస్టెంటుగారు ఆపి పాలిథీన్ సీసాలు చేతిలో పెట్టారు. ఫ్లోరైడుకి గాజు పడదు. ఇది పుస్తకంలో ఉంది, నేనూ చదివాను, అయినా మర్చిపోయాను. బోరు దగ్గర సీసాలు నింపుతుంటే బడిలో మధ్యాహ్నం అన్నం వండే ఆవిడ వచ్చి నిలబడింది. సంగతంతా విని, "మరి నువ్వు జెప్పినట్టు పటికేస్తే ఈ నీళ్ళు పిల్లలకు తాపొచ్చా బిడ్డా?" అని అడిగింది. "పరీక్ష చేసి చెబుతానమ్మా" అన్నాను.

ఇక ప్రయోగం. స్పాండ్స్ పద్ధతిలో ఎర్రని జిర్కోనియం రంగుద్రవం ఫ్లోరైడు తగిలితే వెలిసిపోతుంది. ఎంత వెలిసిందో 570 నానోమీటర్ల దగ్గర కొలుస్తాం. (చూశారా, "నానో" రానే వచ్చింది!) సుమారు 1.4 మిల్లీగ్రాముల దాకానే ఈ లెక్క నమ్మదగ్గది. అందుకని బోరు నీళ్ళని పలచన చెయ్యక తప్పలేదు. లెక్క కడితే లీటరుకి 4 దాటింది. పటిక, సున్నం వేసి తేర్చాక అదే నీళ్ళు 0.8 చూపించాయి. ఆ సాయంత్రం హాస్టల్లో అందరికీ మిర్చిబజ్జీలు నా లెక్కలోనే.

మర్నాడు గ్రాఫు తీసుకెళ్ళి చూపిస్తే గైడుగారు మెచ్చుకోలేదు, తిట్టనూ లేదు. "నీళ్ళలో ఎంత అల్యూమినియం మిగిలింది?" అని మాత్రం అడిగారు. నా దగ్గర జవాబు లేదు. చిక్కంతా అక్కడే ఉంది. అల్యూమినియం ఫ్లోరైడును గట్టిగా పట్టుకుని రంగుద్రవానికి అందనివ్వదు. ఫ్లోరైడు నీళ్ళలో ఉంటుంది గాని, పరీక్షకి కనబడదు. ఎలక్ట్రోడు పద్ధతిలోనైతే కలిపే బఫరులో సి.డి.టి.ఎ. అనే పదార్థం ఉంటుంది. అది అల్యూమినియాన్ని తన వైపు లాక్కుని ఫ్లోరైడును విడిపిస్తుంది. అలా కొలిస్తే 1.7 వచ్చింది! నమ్మబుద్ధి కాక, అదే నీళ్ళని సల్ఫ్యూరిక్ ఆమ్లంతో బట్టీపట్టి, దిగిన నీటిని మళ్ళీ స్పాండ్స్‌తో చూశాను. 1.6. రెండు దారులూ ఒకే మాట చెప్పాయి. తప్పు నా మొదటి అంకెదే.

నిజం చెప్పాలంటే ఆ రాత్రి నాకు పాడు ఆలోచన ఒకటి వచ్చింది. 0.8 అంకె నా నోటుబుక్కులో ఉంది, గ్రాఫు చక్కగా ఉంది, వైవాకి ఇరవై ఆరు రోజులే ఉంది. బయటి నుంచి వచ్చే ఎగ్జామినరు అల్యూమినియం సంగతి అడుగుతాడని ఏముంది? కాని ఆ అంకె థీసిస్‌లోనే ఉండిపోదు గదా. అన్నం వండే ఆవిడకి చెబుతానన్నాను.

నోటుబుక్కు మొదటి పేజీ నుంచి తిరగేశాను. కాగితాల మీద కాక కుట్టిన పుస్తకంలో, తేదీ వేసి, చెడిపోయిన ప్రయోగాలతో సహా రాయమని మన మేష్టర్లు ఎందుకు ప్రాణం తీస్తారో అప్పుడు తెలిసింది. మూడో బ్యాచి నుంచి తెట్టు త్వరగా దిగుతుందని సున్నం ఎక్కువ వేస్తూ వచ్చాను. పటికలో ఇరవయ్యో వంతు ఉండాల్సింది నా చేతిలో రెట్టింపు దాటింది. నీళ్ళు క్షారగుణానికి తిరిగితే తెట్టు ఫ్లోరైడును సరిగా పట్టదు, అల్యూమినియం కూడా నీళ్ళలో కరిగి నిలుస్తుంది. సున్నం తగ్గించి, పి.హెచ్. 6.5కీ 7కీ మధ్య నిలిపి మళ్ళీ చేశాను. ఒక్కొక్కటి మూడేసిసార్లు, ప్రతిసారీ బ్లాంకుతో, స్టాండర్డుతో. వేసవి కాబట్టి స్టాండర్డు, శాంపిలు ఒకే వేడిమిలో ఉంచడానికి నీళ్ళ తొట్టిలో పెట్టాల్సి వచ్చింది. చివరికి ఎలక్ట్రోడు మీద 1.2 నిలిచింది.

రాత పని గురించి ఒక్క మాట. పద్ధతుల అధ్యాయం ప్రయోగాలు చేస్తున్నప్పుడే రాసెయ్యండి, ఆఖర్న కూర్చుంటే సగం గుర్తుండదు. నేను 0.8 కథని కూడా విడిగా ఒక పేజీలో రాశాను. వైవాలో ఎగ్జామినరుగారు దాదాపు ఆ పేజీ మీదే గడిపారు. మార్కులు మరీ గొప్పగా ఏమీ రాలేదు లెండి.

ఊరికి వెళ్ళి పటిక ఎంత, సున్నం ఎంత, ఎంతసేపు కలపాలి, ఎంతసేపు ఆగాలి అన్నీ అట్ట మీద రాసి వంటగదిలో అంటించాను. ఆవిడ ఓపిగ్గా విని, "రోజూ పటిక ఎవరు కొనిస్తరు బిడ్డా?" అంది. నా థీసిస్‌లో దానికి సమాధానం లేదు. హెడ్మాస్టరుగారు ఆ నెలకి తన జేబులోంచి తెప్పించారు.