చెరువుకు పోయిన మట్టి వాపస్ వచ్చింది, చెట్లల్లకు పోయింది రాదు

పోయిన ఎపిసోడ్ చూసి ఒకాయన ఫోన్ చేసిండు. "అన్నా, మా చెల్క వాలు మీదున్నది. కింద చెట్ల కాడ మట్టి మేట వేస్తున్నది. చెట్లకు మంచిదే కదా?"

నర్మెట్టల మా చెల్క సంగతే చెప్త. పైన పత్తి, కింద మోదుగు, తునికి చెట్లు. మొన్న వాన వెలిసినంక పోయి చూస్తే ఒక మోదుగు మొదలు జానెడు ఎత్తు పూడిపోయింది. ఆ మట్టి నాదే.

జూన్, జులైల పత్తి మొలక చిన్నగుంటది, నేలంతా బోడిగుంటది. ఎర్ర చెల్క మీద చినుకు గట్టిగ పడితే పైపొర చెదిరి, ఆరినంక పెచ్చు కడతది. తర్వాతి వాన ఇంకదు, పారుతది. సాళ్లు వాలు వెంబడి ఉంటే ప్రతి సాలూ ఒక కాల్వే. నేను చేసిందదే, ట్రాక్టర్ తిప్పుడు అల్కగైతదని! ముందుగా కొట్టుకుపోయేది మెత్తటి మట్టి. సత్తువంతా అండ్లనే ఉంటది. మనకు గరుసు మిగులుతది.

ఎకరంల ఒక్క మిల్లీమీటరు మందం పోతే 4 ఘనపు మీటర్లు, అంటే 5, 6 టన్నులు. రెండు ట్రాలీలనుకోండి. కంటికి కూడ ఆనదు. దేశం మొత్తం మీద సగటున హెక్టారుకు ఏడాదికి 16 టన్నులు పోతున్నదని 1983ల శాస్త్రవేత్తలు లెక్క కట్టిన్రు. అదీ దాదాపు ఇంతే మందం.

ఇగ చెట్ల సంగతి. మొదలు పూడితే వేర్లకు గాలి ఆడదు. మనం వేసిన డీఏపీల భాస్వరం మట్టిని పట్టుకొనే పోతది. పేద నేలకు అలవాటైన గడ్డి పోయి వయ్యారిభామ లేస్తది.

2015ల మిషన్ కాకతీయ వచ్చినప్పుడు చెరువు పూడిక ట్రాలీలతోని చెల్కలకు తోలుకున్నం, యాదికుందా? అది కూడ ఎగువ చెల్కల నుంచి కొట్టుకొచ్చిన మట్టే. చెట్లల్లకు పోయినదాన్ని అట్ల తోలలేం. తవ్వితే వేర్లు తెగుతయ్. అటవీ శాఖ భూమైతే తవ్వనియ్యరు కూడ.

పోయినేడు నీళ్లు నిలుస్తున్నయని కింది గెట్టుకు నేనే గండి కొట్టిన. ఇప్పుడది పూడ్చి, నీళ్లు మెల్లగ పోయేటట్టు ఒక పక్క రాళ్లు పేర్చిన. గెట్టు మీద గడ్డి నాటిన, దాని పైన రెండు గజాలు దున్నకుండ వదిలేసిన. వచ్చే ఏడు సాళ్లు వాలుకు అడ్డమే. ట్రాక్టర్ కిరాయి పెరుగుతదని మా నాయిన ఇప్పటినుంచే సణుగుతున్నడు.

ఆ మోదుగు మొదలు కాడ మాత్రం చేత్తోనే ఒక గంపెడు తీసి గెట్టు మీద పోసిన.