గడ్డి మిషను కొనే ముందు

పాడి పశువులున్న అనేక ఇళ్లలో ఈ రోజుల్లో గడ్డి కత్తిరించే మిషను కనిపిస్తోంది. దుకాణాల్లో చాఫ్ కట్టర్ అని అడిగేది దీనినే. జొన్న చొప్పగాని, సూపర్ నేపియర్ గాని నిలువునా వేస్తే గేదెలు ఆకులు తిని, కాడలు తొక్కి పాడుచేస్తాయి. రెండు మూడు సెంటీమీటర్ల ముక్కలుగా కోసి వేస్తే కాడతో సహా తింటాయి. కనుక దీనివలన మేలున్నదనుటలో సందేహం లేదు. అయితే కత్తికి గడ్డికీ వేలికీ తేడా తెలియదు. ఈ సంగతిని మేము చాలా ఖరీదు పెట్టి నేర్చుకున్నాము.

మా ఇంట్లో మొదట చేత్తో తిప్పే మిషను ఉండేది. తక్కువ ధరకు వచ్చిందని కొన్నాము. ఒక ఆదివారం ఆరాధనకు బయలుదేరే తొందరలో మేము లోపల ఉండగా పిల్లలిద్దరూ పశువుల పాకలో ఆడుకుంటున్నారు. అక్క చక్రం తిప్పింది. తమ్ముడు గడ్డి పెట్టే చోట చెయ్యి పెట్టాడు. చూపుడు వేలి కొస తెగిపోయింది. కరెంటు లేదు, మోటారు లేదు, ఆగి ఉన్న మిషనే! చక్రం బరువైనది కనుక ఒకసారి కదిలితే చిన్న పిల్లలు ఆపలేరు. తప్పంతా తనదేనని మా అమ్మాయి చాలా రోజులు సరిగా అన్నం తినలేదు. "తప్పు నీది కాదమ్మా, చక్రానికి తాళం వేయని మాది" అని ఆమెతో చెప్పటానికి మాకే ధైర్యం చాలలేదు.

తరువాత మోటారు మిషను కొన్నప్పుడు ధరకంటే ముందు ఈ సంగతులు చూశాము. మీరూ చూడండి.

మొదటిది, చక్రం తాళం. పని అయిన తరువాత చక్రం కదలకుండా బిగించే పిన్ను గాని, తాళం వేసే ఏర్పాటు గాని ఉండాలి.

రెండవది, గడ్డి పెట్టే తొట్టి. అది పొడవుగా ఉండి, పైన రేకు మూత ఉండాలి. మిషను ఆపి ఉన్నప్పుడు, ప్లగ్గు తీసి ఉన్నప్పుడు, తొట్టి అంచు నుండి రోలర్ల దాకా కర్రతో కొలవండి. ఇంట్లో అందరికంటే పొడవైన చేయి గలవారికి కూడా రోలర్లు అందకూడదు.

మూడవది, గేరు లివరు. ముందుకు, మధ్యన ఆగేలా, వెనక్కి అని మూడు స్థానాలుండాలి. గుడ్డ గాని, చెయ్యి గాని లోపలికి పోతే రోలర్లను వెంటనే వెనక్కి తిప్పేది ఇదే. అది గడ్డి పెట్టేవారి చేతికి అందేలా ఉండాలి.

నాలుగవది, కత్తుల చక్రానికి, బెల్టుకు, పుల్లీలకు మూతలు. స్విచ్చి దగ్గరలో ఉండాలి. మోటారుకు ఎర్తు వైరు తప్పనిసరి.

మోటారు మిషన్ల భద్రత కోసం భారతీయ ప్రమాణాల సంస్థ 2005లో ఐ.ఎస్. 15542 అనే ప్రమాణాన్ని తెచ్చింది. దాని ప్రకారం తయారైనదేనా అని దుకాణదారుని అడగటానికి మొగమాటపడవద్దు. నాలుగైదు పశువులున్న ఇంటికి 2 హెచ్.పి. మోటారు చాలు. ఇంతకు ముందే మిషను ఉన్నవారు వెల్డింగు షాపులో రేకు మూత, తాళానికి రంధ్రం పెట్టించుకోవచ్చు.

మంచి మిషను కొన్నా వాడేవారి జాగ్రత్త అవసరం. మిషనును సిమెంటు గచ్చుకు బోల్టులతో బిగించాలి. పైట కొంగు, చున్నీ నడుముకు దోపుకోవాలి. గాజులు, చేతి తొడుగులు తీసివేయాలి. చివరి గడ్డిని చేత్తో కాక కర్రతో నెట్టాలి. గడ్డి ఇరుక్కుంటే స్విచ్చి కట్టి, ప్లగ్గు తీసి, చక్రం పూర్తిగా ఆగిన తరువాతే సరిచేయాలి. మొండి కత్తి గడ్డిని కోయక ఇరికిస్తుంది కనుక పదును చూసుకోవాలి. చీకట్లో, నిద్రమత్తులో, తొందరలో ఈ పని వద్దు.

ఇంత చేసినా ప్రమాదం జరిగితే గాయాన్ని శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి, చెయ్యి పైకెత్తి పట్టి, 108కి ఫోను చేయండి. తెగిన వేలిని తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవరులో పెట్టి మూతి కట్టి, ఆ కవరును ఐసుముక్కల మీద ఉంచి తీసుకువెళ్లండి. వేలికి ఐసు నేరుగా తగలకూడదు. ఎంత త్వరగా చేరితే తిరిగి అతికించే అవకాశం అంత ఎక్కువ. మాకు ఆనాడు ఇది తెలియదు.

ఇప్పుడు మా ఇంట్లో గడ్డి కోయటం అయ్యాక చక్రానికి తాళం వేసి, తాళంచెవిని పిల్లలకు అందని మేకుకు తగిలించేది మా అమ్మాయే. ఎవరూ చెప్పనక్కరలేదు. ఈ రాత్రి పడుకోబోయే ముందు మీరూ ఒకసారి పాకలోకి వెళ్లి మీ మిషను చూసి రండి.