నాలుగు జవాబులలో మూడింటిని తొలగించడం ఎలా?

సెలవుదినాలలో ఉదయం గుమ్మిడిపూండి నుండి చెన్నై సెంట్రల్ వైపు వెళ్లే లోకల్ రైలు ఎక్కిన వారికి ఈ మధ్య ఒక దృశ్యం కనిపిస్తూ ఉంటుంది. తల నెరిసిన ఉపాధ్యాయులు పిల్లల వలె గైడు పుస్తకాలు ఒడిలో పెట్టుకొని, పెన్సిలుతో గీతలు గీసుకొంటూ చదువుకొంటూ ఉంటారు. వారిలో నేనూ ఒకడిని. 2025 సెప్టెంబర్ 1వ తేదీన సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఇందుకు కారణం. విద్యాహక్కు చట్టం రాకముందే ఉద్యోగంలో చేరినవారైనా, పదవీ విరమణకు అయిదేళ్లకు మించి గడువు ఉంటే, రెండేళ్లలోగా ఉపాధ్యాయ అర్హత పరీక్షలో ఉత్తీర్ణులు కావాలని ఆ తీర్పు చెప్పింది. నేను ఉపాధ్యాయ శిక్షణ ధ్రువపత్రంతో 2006లో ఉద్యోగంలో చేరాను. ఇరవై ఏళ్లుగా పిల్లలకు పరీక్షలు పెట్టిన చేతితో ఇప్పుడు నేనే వృత్తాలు నింపవలసి వచ్చింది.

నాతోపాటు మా సరిహద్దు గ్రామాలలో డి.ఎడ్., బి.ఎడ్. పూర్తిచేసి ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న యువతీయువకులు ఎందరో ఉన్నారు. బ్యాంకు పరీక్షలకు, న్యాయవిద్య ప్రవేశ పరీక్షకు సిద్ధమవుతున్నవారూ ఉన్నారు. వీరందరికీ ఉమ్మడిగా ఎదురయ్యేది పఠనావగాహన. అనగా, మునుపెన్నడూ చదవని ఒక గద్యభాగాన్ని ఇచ్చి, దాని కింద ప్రశ్నలు, ప్రతి ప్రశ్నకూ నాలుగైదు జవాబులు ఇస్తారు. సరైనదానిని గుర్తించాలి. లెక్కలు, శాస్త్రం అంటే భయపడి పగలూ రాత్రీ చదివే మనవాళ్లు దీనిని మాత్రం "చదివితే తెలిసేదే కదా" అని వదిలివేస్తారు. మార్కులు పోయేది తరచుగా ఇక్కడే.

కేంద్ర ఉపాధ్యాయ అర్హత పరీక్షనే తీసుకొందాం. దీనికి చెన్నైలోనూ కేంద్రాలు ఉంటాయి. ఒక్కో పత్రంలో 150 ప్రశ్నలు, 150 మార్కులు, రెండున్నర గంటల సమయం. మొదటి భాషకు 30, రెండవ భాషకు 30 ప్రశ్నలు. వీటిలో సగం, అంటే ఒక్కో భాషలో 15, ఇచ్చిన భాగాలను చదివి జవాబు చెప్పవలసినవి. మొత్తం మీద ప్రతి అయిదు మార్కులలో ఒకటి చదవడం మీదనే ఆధారపడి ఉన్నది. సాధారణ వర్గం వారికి 90 మార్కులు వస్తేనే ఉత్తీర్ణత. 87, 88 దగ్గర ఆగిపోయి మళ్లీ మళ్లీ రాసేవారిని నేను ఎరుగుదును. నుంగంబాక్కం కాలేజీ రోడ్డులోని ఉపాధ్యాయ నియామక మండలి నిర్వహించే తమిళనాడు పరీక్షలో కూడా మొదటి భాషగా తెలుగును ఎంచుకొనే వీలున్నది. మనకు ఇది చిన్న సౌకర్యం కాదు.

ఈ రకం ప్రశ్నలకు వయసు నూరేళ్లు దాటింది. 1915 ప్రాంతంలో అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో ఫ్రెడరిక్ కెల్లీ అనే విద్యావేత్త పిల్లల మౌనపఠన సామర్థ్యాన్ని కొలిచేందుకు ఒక పరీక్ష తయారుచేశాడు. ఇచ్చిన జవాబులలో ఒకదానిని గుర్తించే పద్ధతికి అది తొలి నమూనాలలో ఒకటిగా చెబుతారు. దిద్దేవారి ఇష్టాయిష్టాలను బట్టి మార్కులు మారకూడదన్నది ఆయన ఉద్దేశం. అంటే, సరైన జవాబు ఒక్కటే ఉండాలి, మిగిలినవి ఎందుకు తప్పో నిరూపించగలగాలి. ప్రశ్నపత్రం తయారుచేసేవారికి ఉన్న ఈ కట్టుబాటే మనకు ఆయుధం. సరైన జవాబు ఎందుకు ఒప్పో ఒక్కొక్కసారి చెప్పలేము గాని, తప్పు జవాబు ఎందుకు తప్పో గద్యభాగం మీద వేలుపెట్టి చూపవచ్చు.

మాటలతో చెప్పడం కంటే ఒక ఉదాహరణ చూపడం మేలు. మనందరికీ తెలిసిన విషయం మీద నేను రాసిన చిన్న గద్యభాగం ఇది:

"చెన్నై నగరానికి కృష్ణా జలాలను అందించే నిమిత్తం 1983లో ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరింది. శ్రీశైలం నుండి బయలుదేరిన నీరు సోమశిల, కండలేరు జలాశయాల మీదుగా వచ్చి, ఊత్తుకోట వద్ద సరిహద్దు దాటి పూండి జలాశయాన్ని చేరుతుంది. ఈ నీరు తొలిసారి పూండి చేరినది 1996లో. అయితే కండలేరు నుండి వచ్చే కాలువ గట్లు పలుచోట్ల కోతకు గురికావడం వలన నీరు చాలా వరకు దారిలోనే వృథా అయ్యేది. 2000 తరువాతి సంవత్సరాలలో ఒక ధార్మిక సంస్థ ఈ కాలువను బాగుచేయించగా సరిహద్దుకు చేరే నీరు పెరిగింది. అయినప్పటికీ, వానలు లేని సంవత్సరాలలో ఒప్పందం ప్రకారం రావలసినంత నీరు రాలేదు."

ప్రశ్న: పై గద్యభాగం ఆధారంగా కింది వాటిలో సరైనది ఏది?
(1) 1983లో ఒప్పందం కుదిరిన వెంటనే కృష్ణా నీరు పూండి చేరింది.
(2) దారిలో రైతులు మోటార్లతో నీరు తోడుకోవడం వలన చెన్నైకి వచ్చే నీరు తగ్గింది.
(3) కాలువను బాగుచేయించిన తరువాత చెన్నై నీటి కొరత పూర్తిగా తీరింది.
(4) కాలువ బాగుపడినప్పటికీ ప్రతి సంవత్సరమూ పూర్తి వాటా అందలేదు.

మొదటి జవాబులో సగం నిజం, సగం అబద్ధం. 1983లో ఒప్పందం కుదిరినది నిజమే. ఆ సంఖ్య గద్యభాగంలో కంటికి కనిపించగానే తొందరపడేవారు దానికే గుర్తు పెట్టేస్తారు. కాని "వెంటనే" అన్న మాట చూడండి. నీరు చేరడానికి 13 ఏళ్లు పట్టింది. జవాబులో ఒక్క పదం తప్పయినా ఆ జవాబు మొత్తం తప్పే. పాలకుండలో విషపు చుక్క పడితే పాలన్నీ పారబోస్తాము కదా.

రెండవ జవాబు మన ఊళ్లవారికి ప్రత్యేకంగా పెట్టిన వల. కాలువ పక్కన మోటార్లు పెట్టి నీరు తోడుతున్నారన్న మాట మనం విన్నదే, పత్రికలలో చదివినదే. బహుశా నిజం కూడా. కాని ఆ గద్యభాగంలో రైతుల ప్రస్తావన ఎక్కడ? ఒక్క అక్షరం కూడా లేదు. ప్రశ్న మనకు తెలిసినది అడగడం లేదు, గద్యభాగం చెప్పినది అడుగుతున్నది.

ఈ వలలో నేను స్వయంగా పడ్డాను. చెన్నైలో ఒక శిక్షణ కేంద్రంలో నమూనా పరీక్ష రాస్తుండగా తాటిచెట్టు మీద ఒక గద్యభాగం వచ్చింది. తాటివేళ్లు చెరువుగట్టును కోసుకుపోకుండా ఎలా పట్టి ఉంచుతాయో అందులో వివరించారు. తాటిచెట్టు వలన ప్రయోజనం ఏమని ప్రశ్న. వేసవిలో ముంజలు దాహం తీరుస్తాయన్న జవాబుకు నేను నిశ్చింతగా వృత్తం నింపాను. ముంజలు తినని వాడినా నేను! పక్కన కూర్చున్న అమ్మాయి, నా దగ్గర ఒకటవ తరగతి చదువుకొన్న పిల్లే, పరీక్ష అయ్యాక మెల్లగా అడిగింది: "సార్, ముంజల మాట ఏ వాక్యంలో ఉన్నది?" తిరుగు రైలులో పొన్నేరి వచ్చేదాకా నేను ఆ కాగితమే చూస్తూ కూర్చున్నాను. అనుభవం ఎక్కువ ఉన్నవారికి ఈ ప్రమాదమూ ఎక్కువే. నలభై దాటి పరీక్ష రాసేవారు దీనిని బాగా గుర్తుంచుకోవాలి.

మూడవ జవాబులోని దోషం అతిశయోక్తి. నీరు పెరిగిందని గద్యభాగం చెప్పింది. కొరత పూర్తిగా తీరిందని చెప్పలేదు. పైగా చివరి వాక్యం అందుకు అడ్డు నిలుస్తున్నది. ఇక మిగిలినది నాలుగవది. అందులోని "వాటా" అన్న మాట గద్యభాగంలో లేదు, "రావలసినంత నీరు" అని ఉన్నది. సరైన జవాబు సాధారణంగా ఇలాగే వేషం మార్చుకొని వస్తుంది. గద్యభాగంలోని మాటలను ఉన్నవి ఉన్నట్లు ఎత్తి పెట్టిన జవాబు ఒక్కొక్కసారి ఒప్పే కావచ్చు, కాని దానిని రెండుసార్లు చదివిన తరువాతే నమ్మండి.

తెలుగులో రాసేవారికి ఇంకొక సూక్ష్మం ఉన్నది. ఇంగ్లీషులో విడి పదాలుగా కనిపించే హద్దులు మన భాషలో చివరి అచ్చులో దాగి ఉంటాయి. "కాలువ కోత వలన నీరు వృథా అయ్యేది" అనడం వేరు, "కాలువ కోత వలననే నీరు వృథా అయ్యేది" అనడం వేరు. ఆ ఒక్క "నే" వచ్చి మిగిలిన కారణాలన్నింటినీ తోసివేసింది. "రైతులు" వేరు, "రైతులందరూ" వేరు. "వచ్చింది" వేరు, "వచ్చిందట" వేరు. నా విద్యార్థుల చేత జవాబులలోని ఇటువంటి తోకల కింద గీత గీయిస్తాను. ప్రతి గీత దగ్గర ఆగి, ఇంత గట్టిగా గద్యభాగం చెప్పిందా అని అడగమంటాను. అలాగని "మాత్రమే", "ఎల్లప్పుడూ" ఉన్న జవాబులన్నీ తప్పేనని కొన్ని గైడ్లలో రాసినది నమ్మకండి. గద్యభాగమే అంత గట్టిగా చెప్పి ఉంటే ఆ జవాబే ఒప్పు. పొడవైన జవాబు ఒప్పు, తెలియకపోతే మూడవది పెట్టు వంటి చిట్కాలకు డబ్బు తీసుకొనేవారిని చూస్తే నాకు చిలక జోస్యం గుర్తుకువస్తుంది.

రెండు భాషల మధ్య పెరిగిన మన పిల్లలకు మరొక చిక్కు. ఒకే మాట రెండు భాషలలో రెండు అర్థాలతో ఉంటుంది. "అవసరం" అంటే మనకు కావలసి ఉండడం, తమిళంలో తొందర. "విపరీతం" అంటే మనకు మితిమీరినది, తమిళంలో అనర్థం, వింత అన్న ఛాయ. బడిలో తమిళం, ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లవాడు "అవసరంగా బయలుదేరాడు" అని అలవోకగా అంటాడు. గద్యభాగంలో అటువంటి మాట తగిలినప్పుడు దాని ముందు వాక్యం, తరువాతి వాక్యం చదివి అర్థం స్థిరపరచుకోవాలి.

శీర్షిక లేదా ముఖ్యాంశం అడిగే ప్రశ్నలో తప్పు జవాబులు వేరే విధంగా ఉంటాయి. పై గద్యభాగానికి "కృష్ణానది" అన్న శీర్షిక ఇస్తే అది దుప్పటి వంటిది, మరీ పెద్దది. "పూండి జలాశయం" చేతిరుమాలు, మరీ చిన్నది. "ధార్మిక సంస్థల సేవ" అన్నది ఒక్క వాక్యానికే సరిపోతుంది. "చెన్నైకి కృష్ణా నీరు" అంటే మొదటి వాక్యం నుండి చివరి వాక్యం దాకా కప్పుతుంది. పద్యభాగం మీది ప్రశ్నలకూ ఇదే కొలత చాలు.

"సరికానిది ఏది", "పేర్కొననిది ఏది" అన్న ప్రశ్నలలో ఆ "కాని" చుట్టూ గుండ్రంగా గీయండి. ఒప్పు జవాబు కనబడగానే చేయి దానంతట అదే వృత్తం వైపు పోతుంది. ఇటువంటి ప్రశ్నకు ఒక్కో జవాబు పక్కన ఉన్నది, లేదు అని రాసుకొంటూ పోవడమే క్షేమం.

రెండు జవాబులు మిగిలి తేలనప్పుడు ఏం చేయాలి? గద్యభాగం మొత్తాన్ని మళ్లీ చదవకండి, సమయం పోతుంది. ఆ రెండు జవాబులను పక్కపక్కన పెట్టి, అవి ఎక్కడ విడిపోతున్నాయో ఆ ఒక్క మాటను పట్టుకొని, దానికి సంబంధించిన వాక్యాన్ని మాత్రమే వెతకండి. అప్పటికీ తేలకపోతే ఏదో ఒకటి గుర్తించడమే లాభం, ఎందుకంటే అర్హత పరీక్షలో తప్పు జవాబుకు మార్కు కోత లేదు. పది ప్రశ్నలకు గుడ్డిగా గుర్తిస్తే సగటున రెండున్నర మార్కులు వస్తాయి. ప్రతి దానిలో రెండు తప్పులను తొలగించి గుర్తిస్తే అయిదు వస్తాయి. 88 దగ్గర ఆగినవారికి ఈ తేడా విలువ తెలుసు. ఖాళీగా వదిలి వచ్చేవారిని చూస్తే నాకు కోపం వస్తుంది.

బ్యాంకు పరీక్షలలో లెక్క వేరు. అయిదు జవాబుల ప్రశ్నకు తప్పు రాస్తే పావు మార్కు కోస్తారు. గుడ్డిగా రాస్తే సగటున వచ్చేది సున్నా. ఒక్క తప్పునైనా నమ్మకంగా తొలగించగలిగితే కొద్దిపాటి లాభం, మూడింటిని తొలగిస్తే మంచి లాభం. ఏదీ తొలగించలేని ప్రశ్నను వదిలి ముందుకు సాగడమే మేలు.

ఇంట్లో అభ్యాసానికి శిక్షణ కేంద్రమే అక్కరలేదు. వారపత్రికలోని ఏ వార్త అయినా చాలు. పిల్లల చేత చదివించి, వార్త గురించి నాలుగు మాటలు చెప్పండి, వాటిలో మూడు తప్పుగా చెప్పండి. చదువురాని అమ్మమ్మ అయినా ఈ ఆట ఆడగలదు, విని ఉంటే చాలు. పిల్లవాడు ఒప్పును పట్టుకొన్నంత మాత్రాన వదిలిపెట్టకుండా, మిగిలిన మూడూ ఎందుకు తప్పో వార్తలోని వాక్యం మీద వేలు పెట్టించండి. మా ఇంట్లో రాత్రి భోజనాల తరువాత ఇది జరుగుతున్నది. వేలు పెట్టవలసినది ఈ నెల నేను, అడిగేది మా అబ్బాయి.