మోటారు సైకిలు గ్రిప్పులు: ఎన్నుకొనుట, తొడుగుట



దున్నువానికి మేడి యెట్టిదో, మోటారు సైకిలు నడుపువానికి హ్యాండిలు గ్రిప్పు అట్టిది. మేడి వదులైనచో చాలు వంకరపోవును. గ్రిప్పు వదులైనచో ప్రాణమునకే ముప్పు వచ్చును. నేడు మన పల్లెలలో పాలక్యాను కేంద్రమునకు చేరవలెనన్నను, విత్తనపు సంచి సంఘము గిడ్డంగినుండి ఇల్లు చేరవలెనన్నను మోటారు సైకిలే ఆధారము. ఇంజను నూనె మార్చుట, గొలుసు బిగించుట, టైరులో గాలి చూచుట మనవారికి అలవాటైనది. కాని చేతికి ఎల్లవేళల తగులుచుండు ఈ రబ్బరు తొడుగును గూర్చి విచారించువారు అరుదు. అది అరిగి, పగిలి, జిగటయైపోయినను గుడ్డపేలిక చుట్టి నడుపువారిని దినదినము చూచుచున్నాను.

నా యనుభవము

ఒరులకు బుద్ధి చెప్పుటకు ముందు నా తప్పు చెప్పుకొనుట న్యాయము. కొన్ని సంవత్సరముల క్రిందట నా బండి గ్రిప్పులు అరిగిపోగా క్రొత్తజత కొని నేనే తొడిగితిని. అవి లోనికి పోక మొరాయించెను. ఇంజను నూనె రెండు చుక్కలు పూసి బలముకొలది నెట్టితిని. కుడి గ్రిప్పు స్విచ్చిపెట్టెకు ఆనుకొని కూర్చుండెను. చూచుటకు ముచ్చటగనే యుండెను.

మరునాడు ఒక రైతును వెనుక కూర్చుండబెట్టుకొని, మా యిద్దరి నడుమ వరివిత్తనముల సంచి నుంచుకొని, కాలువగట్టుపై పోవుచుంటిని. మలుపువద్ద యాక్సిలరేటరు వదలితిని. అది తిరిగి రాలేదు. గ్రిప్పు అంచు స్విచ్చిపెట్టెను ఒరసికొని పట్టివేసినది. బండి వేగము తగ్గక కాలువవైపునకే పోవుచుండెను. అదృష్టవశమున ఎడమచేయి క్లచ్చిని నొక్కెను; కుడి బొటనవ్రేలు ఇంజను ఆపు మీటపై బడెను. బ్రేకు త్రొక్కగా బండి గట్టు అంచున నిలిచెను. ఆ రైతు దిగి, సంచి దింపి, “అయ్యా, పొలములో మెలకువలు మాకు మీరు చెప్పుదురు గదా, ఈ బండి మెలకువ మీకెవరు చెప్పవలెను?” అనెను. నేను బదులు చెప్పలేకపోయితిని. ఇంటికి వచ్చి చూడగా ఎడమ గ్రిప్పు సైతము చేతితో త్రిప్పినచో గిరగిర తిరుగుచుండెను. ఈ వ్యాసము ఆ రైతునకు నేనిచ్చు బదులు.

ఎప్పుడు మార్చవలెను?

రబ్బరునకు గంధకము చేర్చి వేడిమిచే గట్టిపరచు విధానమును చార్లెస్ గుడ్‌ఇయర్ 1839వ సంవత్సరమున కనుగొని, 1844లో అమెరికాలో పేటెంటు పొందెను. అట్లు గట్టిపడిన రబ్బరైనను శాశ్వతము కాదు. ఎండకును, గాలిలోని ఓజోనునకును అది పగులును. నూనెకును, పెట్రోలునకును ఉబ్బి మెత్తబడును. కావున పైగరులు అరిగి నున్నబడినపుడు, బీటలు వారినపుడు, చేతికి జిగట అంటుచున్నపుడు, లేక పట్టి త్రిప్పినచో గొట్టముపై జారుచున్నపుడు ఆలస్యము చేయక మార్చవలెను. సాధారణమైన జత వెల ఒకనాటి కూలికి మించదు.

ఎన్నుకొను విధము

మొదట కొలత. మన దేశమున సామాన్యముగ తిరుగు బండ్ల హ్యాండిలు గొట్టము వెలుపలి వ్యాసము 22 మిల్లీమీటర్లు, అనగా అంగుళములో ఎనిమిదింట ఏడు పాళ్లు. కొన్ని బరువైన బండ్లకు 25.4 మిల్లీమీటర్లు, అనగా సరిగా ఒక అంగుళము ఉండును. కుడివైపున హ్యాండిలుపై యాక్సిలరేటరు గొట్టము తిరుగుచుండును గాన, ఆవైపు గ్రిప్పు రంధ్రము ఎడమదానికంటె పెద్దదిగ నుండును. ఈ భేద మెరుగక రెండును తారుమారు చేసినచో ఎడమది జారిపోవును, కుడిది చీలిపోవును. పాత గ్రిప్పుల పొడవును కొలిచి, వీలైనచో వానినే దుకాణమునకు తీసికొనిపోవుట మేలు. హ్యాండిలు చివర బరువులు బిగించిన బండ్లకు చివర తెరచియుండు గ్రిప్పులు కావలెను. కొన్ని బండ్లకు కుడి గ్రిప్పును యాక్సిలరేటరు గొట్టమును కలిపి యొకే వస్తువుగ అమ్ముదురు. అది కూడ విచారించవలెను.

రెండవది మెత్తదనము. గట్టి రబ్బరు చాలకాలము మన్నును గాని యింజను అదురును చేతికి చేర్చును. మెత్తని రబ్బరును, నురుగు తొడుగును అదురు కొంత మ్రింగును గాని త్వరగ అరుగును. నురుగు తొడుగు వానకు నీరు పీల్చును. మితిమీరి లావైన గ్రిప్పును పట్టుటకు వ్రేళ్లు చాలక ముంజేయి అలసిపోవును. పిడికిలి సుఖముగ మూసికొను లావే తగినది.

అదురును చులకన చేయరాదు. అమెరికాలోని ఇండియానా రాష్ట్రమున బెడ్‌ఫర్డు వద్ద గాలిసుత్తులతో రాళ్లు చెక్కువారి వ్రేళ్లు చలివేళ తెల్లబడి తిమ్మిరెక్కుటను ఆలిస్ హామిల్టను అను వైద్యురాలు పరిశోధించి 1918లో ప్రకటించెను. మోటారు సైకిలు గాలిసుత్తి కాదు; అయినను దినమునకు గంటలకొలది నడుపువారికి వ్రేళ్లు తిమ్మిరెక్కుచున్నచో దానిని గమనింపవలెను. క్రొత్త గ్రిప్పులు వేసినను అదురు తగ్గనిచో ఇంజను బిగింపు బోల్టులను, హ్యాండిలు బిగింపులను చూపించుకొనవలెను. తిమ్మిరి మానకున్నచో వైద్యుని దర్శింపవలెను.

తొడుగు విధము

1. ఇంజను ఆపి, బండిని నడిమి స్టాండుపై నిలిపి, హ్యాండిలు చివరి బరువుల స్క్రూలు విప్పుడు. అవి బిగుసుకొనియున్నచో సరియైన స్క్రూడ్రైవరునే వాడుడు; తల అరిగిన స్క్రూ పిదప రాదు.

2. పాత గ్రిప్పు పారవేయదలచినదే గాన బ్లేడుతో నిలువున కోసి తీయవచ్చును. కుడివైపు గొట్టము తరచుగ ప్లాస్టిక్కుది. దానిపై గాటు పడకుండ పైపైని కోయవలెను. బ్లేడును చేతినుండి దూరముగ నడుపవలెను. కోయనిష్టము లేనివారు పంక్చరు దుకాణమున గొట్టమునకును గ్రిప్పునకును నడుమ గాలి కొట్టించినచో అది ఉబ్బి సులభముగ జారివచ్చును.

3. గొట్టముపైనున్న పాత జిగురును, మట్టిని, త్రుప్పును పూర్తిగ తుడువుడు. ఇనుముపై గరుకుకాగితము వాడవచ్చును. ప్లాస్టిక్కుపై థిన్నరు వాడరాదు.

4. క్రొత్త గ్రిప్పును ముందుగ ఏమియు పూయక చేతబట్టి, ఏది కుడిదో ఏది ఎడమదో నిశ్చయించుకొనుడు. పిదప గ్రిప్పు జిగురును లోపల పలుచగ పూసి, మెలిత్రిప్పుచు ఒకే ఊపున నెట్టుడు. జిగురు శీఘ్రముగ పట్టును గాన నడుమ ఆగరాదు. జిగురు లేనిచో త్వరగ ఆరిపోవు ఐసోప్రొపైలు స్పిరిటుతో తడిపి తొడుగవచ్చును. ఆ పని నిప్పునకు దూరముగ చేయవలెను. నూనె, గ్రీజు ఎన్నడును తగవు. సబ్బునీరు ఆరినను వానకు మరల జారుడు పుట్టించును గనుక అదియు మంచిది కాదు.

5. కుడి గ్రిప్పు అంచునకును స్విచ్చిపెట్టెకును నడుమ ఒకటి రెండు మిల్లీమీటర్ల సందు విడువుడు. నా ప్రాణము మీదికి తెచ్చినది ఈ సందు లేకపోవుటయే. చివరి బరువు బిగించిన పిదప అటువైపున కూడ గ్రిప్పు ఒరయరాదు.

6. ఒక రాత్రి ఆరనిండు. వానకాలమున ఇంకను కొంతసేపు ఆగుట క్షేమము.

పరీక్ష

ఇంజను ఆపియుండగనే యాక్సిలరేటరును పూర్తిగ త్రిప్పి వదలుడు. అది తనంతట తాను టక్కున మూసికొనవలెను. హ్యాండిలును పూర్తిగ ఎడమకు త్రిప్పి ఒకమారు, కుడికి త్రిప్పి ఒకమారు, సూటిగ నుంచి ఒకమారు ఇట్లే చూడుడు. పిదప గేరు లేకుండ ఇంజను నడిపి, హ్యాండిలును రెండువైపుల త్రిప్పుడు. ఇంజను ధ్వని హెచ్చినచో తీగ లాగబడుచున్నదని గ్రహించి సరిచేయించవలెను. తీగకు కొంత వదులు ఉండవలెను; ఎంతయో బండితో నిచ్చిన పుస్తకమున చూచుకొనుడు. చివరగ రెండు గ్రిప్పులను బలముగ మెలిపెట్టి లాగి చూడుడు. ఇవన్నియు కుదిరిన పిదపనే రోడ్డెక్కవలెను. మొదటి పయనమున వెనుక ఎవ్వరిని ఎక్కించుకొనరాదు.

పురుగుమందు చల్లిన చేతులను సబ్బుతో కడిగికొననిదే హ్యాండిలు ముట్టరాదు. ఆ గ్రిప్పునే తరువాత మన బిడ్డలు పట్టుకొందురు గదా.

ఒక మనవి

ఈ పనికి కావలసినవి ఒక స్క్రూడ్రైవరు, ఒక బ్లేడు, ఒక జిగురు గొట్టము మాత్రమే. ప్రతి సంఘము ఒక పనిముట్ల పెట్టె నుంచి, సభ్యులు వంతులవారీగ వాడుకొనినచో ఎవ్వరికిని ఖర్చు తెలియదు. పాలు పోయు వేళ పదిమంది చేరినపుడు ఒకరి బండి నొకరు పరీక్షించుకొనవచ్చును. కోతలు ప్రారంభమగులోపల ప్రతివాడును తన యాక్సిలరేటరును త్రిప్పి వదలి చూచుగాక. నాకు ఆ కాలువగట్టుపై చేయి సమయమునకు ఆడినది. అందరికిని అట్లే ఆడునను నమ్మకము లేదు.